సెకండ్‌హ్యాండ్ లారీకి గేరు ఆయిలు మార్చడం: దించే దగ్గర నుంచి రెండో మార్పు దాకా

పాత బండి కొనగానే ఎవరైనా ముందు ఇంజిన్ ఆయిలు మారుస్తారు, గ్రీజు కొట్టిస్తారు, టైర్లు తిప్పి చూసుకుంటారు. గేరుబాక్సు జోలికి మాత్రం శబ్దం వచ్చేదాకా పోరు. శబ్దం వచ్చాక పోసే కొత్త ఆయిలు అరిగిపోయిన పన్నును తిరిగి మొలిపించదు. బండి చేతికొచ్చిన మొదటి వారంలోనే, లోడు కట్టకముందే ఈ పని చేసుకోవాలి.

ఇది మామూలు గేర్లున్న బళ్ళ కోసం. చిన్న ట్రక్కులు, పికప్పులు, ఆరు చక్రాల లారీలు, పది చక్రాల టిప్పర్లు, అన్నిటికీ పద్ధతి ఒకటే, కొలతలు వేరు. క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తమంతట మారే ఏఎంటీ బళ్ళలోనూ లోపల ఉండేది మామూలు గేరుబాక్సే. దాన్ని నడిపే హైడ్రాలిక్ భాగం ఉంటే దాని ఆయిలు మాత్రం వేరు, దాన్ని ముట్టుకోకండి. టార్క్ కన్వర్టర్ ఉన్న పూర్తి ఆటోమేటిక్ బండికి ఈ పద్ధతి పనికిరాదు.

1. ఆయిలు దించే ముందు బండిని నడిపి వినండి

కొత్త ఆయిలు పోశాక శబ్దం కొంచెం మారుతుంది. అందుకే పాత ఆయిలు లోపల ఉండగానే ఏది ఎలా ఉందో కాగితం మీద రాసుకోండి. కిటికీలు దించి, ఖాళీ బండితో నాలుగైదు కిలోమీటర్లు అన్ని గేర్లలో నడిపితే చాలు.

- న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే గుర్రుమని, క్లచ్ తొక్కితే ఆగిపోతే: ముందున్న ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగో, కింది షాఫ్ట్ బేరింగో అరిగింది.
- క్లచ్ తొక్కినప్పుడే శబ్దం వస్తే: అది క్లచ్ రిలీజ్ బేరింగు. గేరు ఆయిలుకీ దానికీ సంబంధం లేదు.
- ఒకే ఒక్క గేరులో శబ్దం: ఆ గేరు పళ్ళు, లేదా దాని బేరింగు.
- డైరెక్ట్ గేరులో నిశ్శబ్దం, మిగతా అన్నిటిలో హోరు: కింది షాఫ్ట్. డైరెక్ట్ అంటే ఇంజిన్ తిప్పుడు కింది షాఫ్ట్ పళ్ళ మీదుగా కాకుండా నేరుగా వెనక్కి పోయే గేరు. 5 గేర్ల బాక్సుల్లో అది బండిని బట్టి నాలుగోదో ఐదోదో అవుతుంది.
- రివర్సులో మాత్రం కూత: చాలా బాక్సుల్లో రివర్సు పళ్ళు నిలువుగా కోసి ఉంటాయి, కూత సహజమే.
- గేరు తనంతట జారి న్యూట్రల్‌లోకి వస్తే: గేరును జరిపే ఫోర్కు, స్లీవు, దాన్ని నిలిపి ఉంచే లాక్ స్ప్రింగు చూడాలి. ఏ ఆయిలూ దీన్ని బాగు చేయదు.

గేర్లు గట్టిగా పడుతుంటే ఇంకో పరీక్ష. ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్టు చేస్తే గరగరలాడుతుంటే చాలాసార్లు తప్పు క్లచ్‌ది. అది పూర్తిగా విడవడం లేదు. ముందు క్లచ్ సరిచేయించండి, లేకపోతే కొత్త ఆయిలు పోసి కూడా అదే గరగర వింటూ ఆయిలును తిడతారు.

2. ఏ ఆయిలు: జీఎల్-4కీ జీఎల్-5కీ తేడా డబ్బు కాదు

జీఎల్-4, జీఎల్-5 అన్నవి గేరు ఆయిలు రకాన్ని చెప్పే గుర్తులు, డబ్బా మీద ఉంటాయి. ఎక్కువ మంది ఇక్కడే మోసపోతారు, అదీ మంచి ఆయిలు కొంటున్నామనుకుంటూ. షాపులో "జీఎల్-5 అయితే ఇంకా స్ట్రాంగు, ఇదే తీసుకో" అంటారు. జీఎల్-5 వెనక హౌసింగులోని (వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్) క్రౌన్, పినియన్ పళ్ళ కోసం తయారయ్యింది. ఆ పళ్ళు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారతాయి కాబట్టి అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ పాళ్ళలో ఉంటాయి.

గేరుబాక్సులో సంగతి వేరు. అందులో సింక్రో రింగులుంటాయి, చాలా బళ్ళలో అవి ఇత్తడివి. గేరు మారేటప్పుడు ఈ రింగు ఎదుటి కోనును ఒక్క క్షణం పట్టుకుని రెండిటి వేగాన్నీ కలపాలి. మరీ జారుడు ఆయిలు ఆ పట్టును పోగొడుతుంది. పైగా కొన్ని జీఎల్-5 మందులు వేడిలో ఇత్తడిని తినేస్తాయి. అందుకే మాన్యువల్ (బండితో కంపెనీ ఇచ్చే పుస్తకం) జీఎల్-4 అంటే జీఎల్-4నే పోయండి. జీఎల్-5 అని రాసి ఉంటే అదే పోయండి, అలాంటి బాక్సులూ ఉన్నాయి.

చిక్కదనం సంగతి. మన దగ్గర తిరిగే పాత బళ్ళలో చాలావాటికి గేరుబాక్సులో 80డబ్ల్యూ-90 గ్రేడు వాడతారు. కొత్త తరం బాక్సుల్లో కొన్నిటికి 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 లాంటి పలుచని సింథటిక్ చెబుతారు. "ఇక్కడ ఎండలు ఎక్కువ కదా" అని గేరుబాక్సులో బాగా చిక్కటి 140 గ్రేడు పోయకండి. తిరుపతి ఎండ 42 డిగ్రీలు దాటినా, పని చేసే బాక్సు లోపలి వేడి ముందు అది చిన్నదే, గ్రేడును ఆ లోపలి వేడిని లెక్కేసే నిర్ణయిస్తారు. 140 పోస్తే డిసెంబరు తెల్లవారుజామున పలమనేరులోనో మదనపల్లెలోనో రెండో గేరు పడదు. శబ్దం తగ్గినట్టు అనిపించడం ఒక్కటే దాని లాభం, అమ్మేవాడికి కావలసిందీ అదే.

ఒకే కంపెనీ రెండు రకాలనూ దాదాపు ఒకేలాంటి డబ్బాల్లో అమ్ముతుంది. ముందువైపు బొమ్మ చూసి కొనకండి. వెనక లేబుల్ మీద గ్రేడు, జీఎల్ సంఖ్య, బ్యాచ్ నంబరు చదవండి. మూత సీలు కదిలి ఉంటే వద్దు. డ్రమ్ములోంచి మగ్గుతో పోసే లూజు ఆయిలు ఎంత చవకైనా గేరుబాక్సుకి వద్దు, అందులో ఏముందో పోసేవాడికీ తెలియదు.

ఎన్ని లీటర్లు? చిన్న ట్రక్కులకు రెండు లీటర్ల లోపే సరిపోవచ్చు, పెద్ద లారీలకు పది లీటర్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి పట్టవచ్చు. టిప్పర్‌కో వాటర్ ట్యాంకర్‌కో పీటీవో (గేరుబాక్సు నుంచి శక్తి తీసుకుని పంపును తిప్పే భాగం) తగిలించి ఉంటే ఇంకొంచెం పడుతుంది. మాన్యువల్లో ఉన్న కొలత కంటే ఒక లీటరు ఎక్కువ కొని దగ్గర పెట్టుకోండి. ఎంత పోయాలో చివరికి తేల్చేది బాక్సు పక్కన ఆయిలు పోసే ఫిల్లరు రంధ్రం.

3. ముందు సమకూర్చుకోవాల్సినవి

- సరైన గ్రేడు ఆయిలు, కొలతకి ఒక లీటరు అదనంగా
- డ్రైన్ (కింద, ఆయిలు దించే), ఫిల్లరు (పక్కన, పోసే) బోల్టులకు కొత్త వాషర్లు (రాగి లేదా అల్యూమినియం, పాతదాని సైజు చూసి)
- బోల్టుకు సరిపోయే ఆరు పలకల సాకెట్, లేదా అలెన్ బిట్టు, పొడుగు హ్యాండిలు
- తుప్పు వదిలించే స్ప్రే
- చేతితో కొట్టే ఆయిలు పంపు, పారదర్శకమైన గొట్టంతో
- బాక్సులో పట్టేదానికంటే పెద్ద, శుభ్రంగా తుడిచిన టబ్బు. గీతలున్న కొలత డబ్బా
- చిన్న అయస్కాంతం, తెల్ల కాగితం, పాత చీర గుడ్డ, టార్చి
- చక్రాలు కదలకుండా పెట్టడానికి నాలుగు చెక్క దిమ్మెలు
- చేతి తొడుగులు

టబ్బు శుభ్రత మీద పట్టుబట్టడానికి కారణం ఉంది. నిన్నటి ఇంజిన్ ఆయిలు, ఇసుక అడుగున ఉన్న టబ్బులోకి దించితే, పాత ఆయిలు చెప్పే కబురంతా అందులో కలిసిపోతుంది.

4. బండిని నిలబెట్టడం

ఏడెనిమిది కిలోమీటర్లు నడిపి తెచ్చి, పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చగా ఉన్న ఆయిలు అడుగున పేరుకున్న పొడిని కూడా మోసుకొని దిగుతుంది. చల్లటి ఆయిలు దిగినా మడ్డి లోపలే మిగిలిపోతుంది. సలసలా కాగేటప్పుడు మాత్రం వద్దు, పక్కనే సైలెన్సరు గొట్టం కూడా ఉంటుంది.

నేల సమంగా ఉండాలి. గుంతగానీ, వాటర్ సర్వీసు ర్యాంపుగానీ ఉంటే మేలు. ముందు చక్రాలు మాత్రమే ఎత్తి ఆయిలు కొలిస్తే ఆ లెక్క తప్పే, ఎందుకంటే ఆయిలంతా వెనక్కి జారి ఫిల్లరు రంధ్రం మట్టం మారిపోతుంది. ఎత్తక తప్పకపోతే నాలుగు వైపులా సమంగా ఎత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి.

జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకూడదు, ఒక్క నిమిషానికి కూడా. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు దిమ్మెలు పెట్టి, తాళం చెవి జేబులో వేసుకుని దిగండి.

5. ముందు ఫిల్లరు బోల్టు, తర్వాతే డ్రైన్ బోల్టు

కింది బోల్టు విప్పి ఆయిలంతా దించేశాక పై బోల్టు కదలకపోతే బండి అక్కడే ఆగిపోతుంది. పోయడానికి దారి లేదు, నడపడానికి ఆయిలు లేదు. అందుకే పక్కన, పైకి ఉండే ఫిల్లరు బోల్టు ముందు విప్పాలి. అది ఊడి చేతికొచ్చాకే కింది దానికి సాకెట్ తగిలించండి.

ఏళ్ళ తరబడి ముట్టని బోల్టు అంత తేలిగ్గా రాదు. వైరు బ్రష్‌తో చుట్టూ మట్టి గీకి, స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు, మరీ గట్టివి కాదు. మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించి, ఆ తర్వాత విప్పండి, తుప్పు పట్టు తెగుతుంది. పన్నెండు పలకల రింగు స్పానరు, పైపు తొడిగిన పానా, రెండూ తలను గుండ్రం చేస్తాయి. గ్యాస్ మంట చూపించే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. ఆయిలు ఆవిరి, సీళ్ళు, వైరింగు పక్కనే ఉన్నచోట అది వద్దు.

ఎంతకీ రాకపోతే కొన్ని బాక్సులకు రివర్సు లైటు స్విచ్చి రంధ్రం నుంచో, పైన గేరు లీవరు మూత విప్పో పోయవచ్చు. అప్పుడు మట్టం తెలియదు కాబట్టి మాన్యువల్ కొలతే కచ్చితంగా పోయాలి.

ఫిల్లరు బోల్టు ఊడదీశాక వేలు లోపలికి పెట్టి మట్టం చూడండి. ఆయిలు అంచుకు తగులుతుందా, వేలి కణుపు కింద ఉందా, అసలు అందడం లేదా? ఇదీ రాసుకోండి.

6. దించడం

డ్రైన్ బోల్టును చివరి రెండు చుట్ల దగ్గర చేత్తో లోపలికి నొక్కిపట్టి తిప్పి, ఒక్కసారిగా లాగేయాలి. లేకపోతే వెచ్చటి ఆయిలు మోచేతి దాకా పాకుతుంది. రేంజ్ గేరున్న (హై, లో అని రెండు వరసల గేర్లుండే) పెద్ద బాక్సులకు వెనక భాగానికి ఇంకో డ్రైన్ బోల్టు ఉండవచ్చు, టార్చి వేసి వెతకండి. అది మరిచిపోతే పాత ఆయిల్లో కొంత లోపలే ఉండిపోతుంది.

ధార సన్నబడి చుక్కల్లోకి మారాక కూడా అరగంట వదిలేయండి. ఆ అరగంటా చేతి నిండా పని ఉంది.

7. పాత ఆయిలును చదవండి

సెకండ్‌హ్యాండ్ బండిలో అమ్మినవాడు చెప్పనివన్నీ ఇక్కడ బయటపడతాయి. మీటరు వెనక్కి తిప్పవచ్చు, సీటు కవర్లు కొత్తవి వేయవచ్చు, టబ్బులో దిగిన ఆయిలును ఎవరూ మార్చలేరు.

ముందు డ్రైన్ బోల్టు చివర ఉన్న అయస్కాంతం చూడండి. దానికి నల్లటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటుంది. ఆ ముద్దను కొద్దిగా తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. కాటుకలా మెత్తగా జారితే అది మామూలు అరుగుదలే, లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో అంత ఉండటం సహజం. ఇసుకలా గరుకుగా తగిలితే, లేదా గోటికి పొలుసులా చిక్కితే, బేరింగుగానీ పన్నుగానీ పొరలుగా లేస్తోంది. మూలలు తేలిన ముక్క, సగం విరిగిన పన్ను, నలిగిన రేకు ముక్క కనిపిస్తే ఆయిలు పోయడం ఆపేసి బాక్సు దించాల్సిందే. ఆ ముక్కతోపాటే తిరిగే బాక్సు ఏదో ఒక ఘాట్‌లో పట్టేస్తుంది.

తర్వాత తెల్ల కాగితం మీద రెండు చెంచాల ఆయిలు పోసి ఎండలో వంచి చూడండి.

- బంగారు రవ్వలు మెరుస్తున్నాయి, అయస్కాంతానికి అంటవు: ఇత్తడి. సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఏ గేరు గరగరలాడుతోందో ముందే రాసుకున్నారు కదా, దానితో పోల్చండి.
- వెండి రవ్వలు, అవీ అయస్కాంతానికి అంటవు: అల్యూమినియం. కేసింగు దగ్గరో, ఫోర్కు దగ్గరో రాపిడి ఉంది.
- నల్లగా, మాడు వాసన: వేడెక్కింది. మట్టం తక్కువగా నడిపారు లేదా మార్చకుండా ఏళ్ళు గడిపారు.
- మజ్జిగ కలిపిన టీ రంగు: నీళ్ళు చేరాయి. తర్వాతి భాగం చూడండి.
- తీగలా సాగి, గ్రీజు ఉండలు, రంపపు పొట్టు కనిపిస్తే: శబ్దం దాచడానికి కావాలని వేసినవి. పాత బళ్ళ వ్యాపారంలో ఈ మోసం కొత్తది కాదు. పొట్టు పళ్ళ మధ్య మెత్తలా పనిచేసి కొన్నాళ్ళు శబ్దాన్ని మింగుతుంది, అదే పొట్టు ఆయిలు దారులను మూసి బేరింగులను ఎండగడుతుంది. ఇది కనబడిందంటే లోపలి శబ్దం చిన్నది కాదని అర్థం.

చివరగా దిగినదాన్ని కొలత డబ్బాలో పోసి కొలవండి. మాన్యువల్ కంటే బాగా తక్కువ దిగితే అది ఎటు పోయిందో కనుక్కోకుండా కొత్తది పోయడం దండగ. ఎక్కువ దిగితే, పీటీవో ఉన్న బండిలో హైడ్రాలిక్ పంపు సీలు పోయి ఆ ఆయిలు గేరుబాక్సులోకి దిగుతూ ఉండవచ్చు. టిప్పర్ కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చూడాలి.

8. నీళ్ళు చేరిన బాక్సు

2021 నవంబరు వానలకు తిరుపతిలో, స్వర్ణముఖి ఒడ్డున బళ్ళు మునిగాయి. అలా మునిగిన బళ్ళు కడిగి, రంగులు వేసి చేతులు మారుతుంటాయి. మునగకపోయినా, వాగు దాటించిన బండికీ ఇదే ముప్పు. నడిచి వేడెక్కిన బాక్సు ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో దిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నింపడానికి పైనున్న బ్రీదరు (బాక్సు గాలి పీల్చి వదిలే రంధ్రం) ద్వారా నీళ్ళనే లోపలికి పీల్చుకుంటుంది.

అలాంటి బాక్సును డీజిలుతోనో కిరోసిన్‌తోనో కడగమంటారు. వద్దు. మూలల్లో, బేరింగుల్లో మిగిలే డీజిలు కొత్త ఆయిలును పలుచన చేస్తుంది, పళ్ళ మీద పొర నిలవదు. అదే గ్రేడులో తక్కువ ధర ఆయిలు మట్టం దాకా పోసి, ఖాళీ బండితో ఇరవై ముప్పై కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి, వేడి మీదే దించేయండి. రంగు ఇంకా పాలలా ఉంటే మరోసారి. మూడోసారీ తెల్లబడితే నీళ్ళు ఇంకా ఎక్కడి నుంచో వస్తున్నాయన్నమాట. బ్రీదరు, పై మూత ప్యాకింగు, గేరు లీవరు రబ్బరు బూటు చూడండి.

9. బ్రీదరు, సీళ్ళు

ఆయిలు దిగుతున్న అరగంటలోనే ఈ పని. బాక్సు పైన చిన్న టోపీలాంటి బ్రీదరు ఉంటుంది. దుమ్ము, ఆయిలు కలిసి అది మూసుకుపోతుంది. అప్పుడు వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిలు సీళ్ళను తోసుకుంటూ బయటికొస్తుంది. సీలు మార్చినా మార్చినా కారుతోందని వాపోయే బళ్ళలో చాలావాటికి రోగం బ్రీదరుదే. విప్పి, పెట్రోలుతో కడిగి, నోటితో ఊది చూడండి, గాలి ధారాళంగా పోవాలి.

క్లచ్ హౌసింగు అడుగున తడి ఉంటే అది గేరు ఆయిలా, ఇంజిన్ ఆయిలా అన్నది వాసనే చెబుతుంది. గేరు ఆయిలుకు గంధకం ఘాటు ఉంటుంది, కుళ్ళిన ఉల్లిపాయలా. అదైతే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. నల్లగా ఉండి ఆ ఘాటు లేకపోతే ఇంజిన్ వెనక సీలు. రెండిట్లో ఏదైనా క్లచ్ ప్లేటును తడిపి జారేలా చేస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలే చోట కారుతుంటే వెనక సీలు. దాన్ని మార్చేటప్పుడు షాఫ్ట్ కూర్చునే చోట గాడి పడిందేమో గోరు పెట్టి చూడండి, గాడి మీద కొత్త సీలు కూడా ఆగదు.

10. బిగించి, నింపడం

అయస్కాంతాన్ని శుభ్రంగా తుడిచి, కొత్త వాషరు వేసి, డ్రైన్ బోల్టును మొదట వేళ్ళతోనే నాలుగు చుట్లు తిప్పండి. వేళ్ళతో తిరగకపోతే మర తప్పిందని అర్థం, అక్కడ సాకెట్ పెట్టి తిప్పితే కేసింగు మర పోతుంది. చిన్న బళ్ళకు కేసింగు అల్యూమినియం, బోల్టు ఉక్కు. పోయేది ఎప్పుడూ కేసింగు మరే. టార్క్ రెంచి ఉంటే మాన్యువల్ అంకె. లేకపోతే వాషరు నలిగి బోల్టు కూర్చున్నట్టు తెలిసిన చోట ఆగిపోండి. పైపు తొడిగి బిగించే పని కాదు. కొన్ని బాక్సుల బోల్టులకు వాషరు ఉండదు, మర ఏటవాలుగా ఉంటుంది. వాటికి మర మీద పలుచగా షెల్లాక్ పూయండి. లోపలికి పోయేంత ముద్ద పెట్టొద్దు.

ఇప్పుడు పంపు గొట్టం ఫిల్లరు రంధ్రంలో పెట్టి నెమ్మదిగా కొట్టండి. చిక్కటి ఆయిలు లోపల సర్దుకోవడానికి సమయం పడుతుంది. తొందరపడితే లోపల నిండకుండానే రంధ్రం దగ్గర పొంగి "నిండింది" అనిపిస్తుంది. మాన్యువల్ కొలతలో ముప్పావు వంతు పోశాక ఐదు నిమిషాలు ఆగి, మిగతాది పోయండి. రంధ్రం కింది అంచు నుంచి మొదట తాడులా దిగుతుంది, తర్వాత దారంలా, ఆఖరికి చుక్కలు. చుక్కలు పడుతున్నప్పుడే బోల్టు పెట్టండి. కొన్ని బాక్సులకు మట్టం అంచుకంటే కిందుగా ఉండాలని మాన్యువల్ చెబుతుంది, అక్కడ ఆ మాటే వినాలి.

"ఒక అర లీటరు ఎక్కువ ఉంటే మంచిదే" అనుకోకండి. ఎక్కువైన ఆయిలును గేర్లు చిలుకుతాయి, నురగ కడుతుంది, వేడెక్కుతుంది, సీళ్ళ నుంచి క్లచ్ మీదికి వస్తుంది. తక్కువైతే అంతకంటే చేటు. బంగారుపాళెం నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు బండి ముక్కు పైకి లేచి, ఉన్న కాస్త ఆయిలూ బాక్సు వెనక్కి చేరుతుంది. ముందున్న ఇన్‌పుట్ బేరింగు, పూర్తి లోడు మోస్తున్న ఆ సమయంలోనే, ఎండిపోతుంది.

11. నడిపి చూసి, మళ్ళీ కొలవడం

- న్యూట్రల్‌లో ఐదు నిమిషాలు ఇంజిన్ నడిపి, కిందికి టార్చి వేసి చూడండి.
- ఖాళీ బండితో ఐదారు కిలోమీటర్లు, అన్ని గేర్లూ, రివర్సు కూడా.
- సమంగా నిలిపి ఇరవై నిమిషాలు ఆగి ఫిల్లరు బోల్టు విప్పి మట్టం చూడండి. తగ్గి ఉంటే పోయండి.
- రాత్రి బాక్సు కింద అట్టముక్క పరిచి, పొద్దున చూడండి.
- మొదటి లోడు ట్రిప్పు తర్వాత రెండు బోల్టులూ పట్టి చూడండి.

కొత్త ఆయిలు పోశాక శబ్దం కాస్త పెరిగిందని కొందరు కంగారు పడతారు. ముందున్నది 140 లాంటి చిక్కటి ఆయిలైతే అది దాచిన శబ్దమే ఇప్పుడు వినబడుతోంది. మొదట రాసుకున్న కాగితం తీసి పోల్చండి. ఆ శబ్దం ఏ గేరుదో తేలిపోతుంది, మెకానిక్ దగ్గరికి "గేరుబాక్సు అరుస్తోంది" అని కాకుండా "మూడో గేరులో లోడు మీద అరుస్తోంది" అని వెళ్ళగలుగుతారు. అవసరం లేని భాగాల బిల్లు అక్కడే తప్పుతుంది.

12. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

వెనక హౌసింగు ఆయిలునే గేరుబాక్సులో పోశారు: లోడు కట్టకుండా దించేసి సరైనది పోయండి. ఒకటి రెండు రోజుల్లో మార్చేస్తే నష్టం పెద్దగా ఉండదు.

పాత వాషరే వేశారు, చెమరుస్తోంది: ఇంకా గట్టిగా బిగించకండి. శుభ్రమైన టబ్బు పెట్టి, బోల్టు తీసి వెంటనే కొత్త వాషరుతో వేసేయండి. దిగిన ఆయిలు శుభ్రంగా ఉంటే వడకట్టి వాడుకోవచ్చు.

డ్రైన్ బోల్టు మర పోయింది: ఎం-సీల్ పూసి నడపకండి. ఘాట్‌లో వేడికి ఊడితే ఆయిలంతా రోడ్డు మీదే. లేత్ షాపులో మర తిరిగి కోయించి ఇన్సర్టు వేయించాలి.

శబ్దం తగ్గించే ట్యూబు మందు కలిపారు: అవి ఆయిలును ఇంకా జారుడు చేస్తాయి, సింక్రో పట్టు పోతుంది. గేర్లు గరగరలాడుతుంటే దించి మామూలు ఆయిలు పోయండి.

న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి ఘాట్ దిగుతున్నారు: డీజిలు మిగులుతుందని భాకరాపేట ఘాట్‌లోనూ, మొగిలిలోనూ ఇలా దించేవాళ్ళున్నారు. ఇంజిన్ బ్రేకింగు లేక బ్రేకులు కాలిపోయే ప్రమాదం మొదటిది. రెండోది బాక్సు లోపల జరుగుతుంది. చాలా బాక్సుల్లో ఆయిలును పైకి చిమ్మేది కింది షాఫ్ట్, దాన్ని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగితే కింది షాఫ్ట్ నిలిచిపోతుంది, చక్రాలతో కలిసి మెయిన్ షాఫ్ట్ మాత్రం ఎండుగా తిరుగుతుంది. చెడిపోయిన బండిని వెనక చక్రాల మీద దూరం లాక్కెళ్ళేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పమనేది కూడా ఇందుకే.

13. పాత ఆయిలు, రెండో మార్పు

దించినదాన్ని కాలువలో, ఖాళీ స్థలంలో పోయకండి. చెదలకని చెక్కలకు పూయడం కూడా వద్దు, చర్మానికీ నేలకూ చేటు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడేసిన ఆయిలును అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, అలా సేకరించి పంపే షెడ్డుకు అప్పగించండి. నీళ్ళు కలిసినదాన్ని విడిగా ఉంచండి. కొత్త ఆయిలు ఖాళీ డబ్బాలను కోసి పారేయండి, అవే నకిలీ ఆయిలుకు డబ్బాలవుతాయి.

చరిత్ర తెలియని బండికి ఒక్క మార్పుతో పని అయిపోదు. మొదటి ఆయిలు లోపలి పాత మడ్డిని కరిగించి మోస్తుంది. 5,000 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ దించి, అయస్కాంతం మీది ముద్దను వేళ్ళ మధ్య మళ్ళీ రుద్దండి. మొదటిసారి కంటే బాగా తక్కువగా, మెత్తగా ఉంటే బాక్సు ఆరోగ్యంగా ఉంది. ఆ తర్వాత మాన్యువల్ గడువు ప్రకారం నడుచుకోండి. మామిడి, టమాటా సీజన్లో ఓవర్‌లోడుతో రోజూ ఘాట్ ఎక్కే బండికి ఆ గడువును సగానికి తగ్గించండి. రెండోసారి కూడా అంతే ముద్ద, అదే గరుకు ఉంటే, ఆయిలు మీద ఇంకో రూపాయి పెట్టకుండా బాక్సు దించే తేదీ పెట్టుకోండి.

మార్చిన తేదీ, మీటరు అంకె, ఆయిలు గ్రేడు, పట్టిన లీటర్లు డైరీలో రాసుకోండి. అవే నాలుగూ తెల్ల రంగుతో బాక్సు కేసింగు పక్కన కూడా రాయండి, రేపు ఏ షెడ్డులో బండి కిందికి దూరిన మెకానిక్‌కైనా టార్చి వెలుగులో కనబడేటట్టు.